చినపాయలో నల్లమడ

దైవాధీనం చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. బందరులో ఒక కాలేజీలో బోటనీ లాబుకు అటెండరుగా చేరిన కొత్తలో ఆయన పని బల్లలు తుడవడం, గాజు పలకలు కడగడం. ఇరవై రెండేళ్లు గడిచేసరికి, ఎమ్మెస్సీలు చదివొచ్చిన లెక్చరర్లు కూడా ఏదైనా కొమ్మ ఫలానా అని తేల్చుకోలేకపోతే గుమ్మం వైపు తిరిగి, "దైవాధీనం, ఒకసారి ఇలా రావయ్యా" అని పిలిచేవారు.

ఆయన వచ్చి వెంటనే మొక్కను ముట్టుకునేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసేవాడు. ఆ తరవాతే ఆకు తిప్పి అడుగు చూసేవాడు.

"పైన చూస్తే అన్నీ పచ్చగానే ఉంటాయి బాబూ. తిప్పి చూడాలి. ఏ చెట్టుకా చెట్టు తన సంగతి ఆకు అడుగున దాచుకుంటుంది," అని పిల్లలకు చెప్పేవాడు.

ఒకసారి డిగ్రీ కుర్రాళ్లు ఆయన్ని బోల్తా కొట్టిద్దామని ఒక కొమ్మకు వేరే మొక్క పువ్వును జిగురుతో అంటించి తెచ్చారు. దైవాధీనం చూసి చూసి, "ఈ పెళ్లి ఎవరు కుదిర్చార్రా? పిల్లది ఒక ఊరు, పిల్లాడిది ఒక ఊరు. కాపురం నిలబడదు" అన్నాడు. ఆ మాట కాలేజీలో చాలా ఏళ్లు తిరిగింది.

మొక్కల్ని పాత పేపర్ల మధ్య పెట్టి, చెక్కల మధ్య బిగించి ఎండబెట్టడం ఆయన అసలు పని. వానాకాలమైతే రోజుకు రెండుసార్లు పేపర్లు మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. ఎండాక అట్ట మీద కుట్టి, కింద కుడివైపు మూల లేబులు అంటించాలి. పేరు, దొరికిన ఊరు, తేదీ. ఆ లేబుళ్లు ఆయనే రాసేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. దాని విషయంలో ఆయనకు ఒక పట్టుదల ఉండేది. కళ్లతో చూడనిది లేబులు మీద రాయకూడదు. "ఎండిపోయాక రంగు పోద్ది, వాసన పోద్ది. మనం రాసిందే మిగులుద్ది. అందులో అబద్ధం ఉంటే ఇంకెవడూ దాన్ని దిద్దలేడు" అనేవాడు. వేరే ఎవరైనా ఊరి పేరు అంచనాగా చెబితే ఆ గడి ఖాళీగా వదిలేసేవాడు.

డెబ్బై అయిదులో ప్రకాశరావుగారనే లెక్చరరు దివిసీమ మడ అడవుల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఉప్పునీళ్లలో, బురదలో వేళ్లు పైకి పొడుచుకొచ్చి నిలబడే చెట్లు మడచెట్లు. జాలర్లకు అవి వంటచెరుకు. దైవాధీనానికి అవి రెండు వేరువేరు చెట్లు, తెల్లమడ, నల్లమడ. అక్కచెల్లెళ్లలా ఉంటాయి. దూరం నుంచి ఎవరూ పోల్చలేరు. తెల్లమడ ఆకు కొస సూదిగా ఉంటుంది, అడుగు బూడిద పూసినట్టు తెల్లగా ఉంటుంది. కాయ చిన్నది, ఉసిరిక్కాయంత, గుండ్రం. నల్లమడ ఆకు కొస మొద్దుగా, గరిటెలా ఉంటుంది. అడుగు పచ్చటి పసుపు. కాయ పెద్దది, బల్లపరుపుగా నొక్కినట్టుండి, ముడతలు పడి, చివర చిలక ముక్కులాంటి చిన్న కొన ఉంటుంది.

పడవ నడిపే సూరయ్యకు ఈ తేడాలంటే నవ్వు. "పొయ్యిలో పెడితే రెండూ ఒకేలా మండుతాయి గదా బాబాయ్. నీ బాధేంటి?"

"పొయ్యిలో పెడితే నువ్వూ నేనూ కూడా ఒకేలా మండుతాం. అంతమాత్రాన నేను సూరయ్యనా?"

ఆ దారుల్లో సముద్రంలో కలిసే ఉప్పుటేళ్లు రెండున్నాయి, పెదపాయ, చినపాయ అని. పెదపాయ ఒడ్డంతా నల్లమడ. చినపాయ ఒడ్డున ఉన్న గవ్వలపాలెంలోనే దైవాధీనం కూతురు సౌభాగ్యమ్మ కాపురం. ఒక్కతే కూతురు. అల్లుడు సత్యానందం ఆ ఊరి ఎలిమెంటరీ స్కూలు మాస్టరు.

చినపాయ చూడ్డానికి వెళ్లినరోజు సెప్టెంబరు ఎండ మాడ్చేస్తోంది. పొద్దుట్నుంచి పడవలో రెండు గట్లూ చూసుకుంటూ వచ్చారు. అంతా తెల్లమడే. పన్నెండు కావస్తుండగా పాయ ఎడమకు మళ్లే చోటికి చేరారు. అక్కణ్ణుంచి సముద్రం మైలున్నర ఉంటుంది.

"ఇంకా ముందుకెళ్లి చూద్దామా దైవాధీనం?" అని అడిగారు ప్రకాశరావుగారు.

దైవాధీనం వెనక్కి, గవ్వలపాలెం గట్టు వైపు చూశాడు. పీతల కూర చేస్తానని, అన్నం చల్లారకముందే రమ్మని సౌభాగ్యం పొద్దున్నే మరీ మరీ చెప్పింది.

"చూడ్డానికేం ఉందండీ. సముద్రపు మొగ దాకా ఇదే. అంతా తెల్లమడే," అన్నాడు.

ప్రకాశరావుగారు నోటుబుక్కులో రాసుకున్నారు. సూరయ్య పడవ తిప్పాడు. ఆ ఇరవై రెండేళ్లలో చూడని దాన్ని చూసినట్టు చెప్పడం దైవాధీనానికి అదొక్కసారే. చెప్పినట్టు కూడా ఆయనకు గుర్తులేదు.

సౌభాగ్యం గట్టు మీద నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. తండ్రి చంకలో కొమ్మల కట్ట చూడగానే గొంతు పెంచింది.

"నాన్నా, ఆ చెత్త బయటే పెట్టు. ఇంట్లోకి తెచ్చావంటే కూర పొరుగింటికి పంపించేస్తాను."

"పోనీ పొరుగింటికే భోజనానికి వెళ్తాలే."

"వెళ్తావు, వాళ్ల దొడ్లో నువ్వు చూడని మొక్కుంటే చాలు." ప్రకాశరావుగారికి విస్తరి వేస్తూ, "మా నాన్నకి నా మొహం కంటే ఆకు అడుగే బాగా గుర్తుంటుందండీ మాస్టారూ. సంతలో నేను ఎదురైతే తిప్పి చూసిగానీ పోల్చడు" అంది. ఆయనతో పాటు దైవాధీనమూ పొలమారేదాకా నవ్వాడు.

రెండేళ్ల తరవాత, డెబ్బై ఏడు నవంబరు పంతొమ్మిది శనివారం నాడు ఉప్పెన వచ్చింది.

ఆ రోజు సత్యానందం టీచర్ల మీటింగుకని మోపిదేవి వెళ్లాడు. సౌభాగ్యం ఇంట్లో ఒక్కతే ఉంది. మూడోరోజుకు దైవాధీనం బందరు నుంచి కొంత లారీ మీద, కొంత నడిచి, నడుములోతు నీళ్లలో ఈదినట్టే గవ్వలపాలెం చేరేసరికి అక్కడ ఊరు లేదు. స్కూలు మెట్లు నాలుగు మిగిలాయి. వాటి మీద సత్యానందం కూర్చుని ఉన్నాడు. మామను చూసి లేచి నిలబడ్డాడు.

చినపాయ ఊళ్ల వాళ్లనీ పెదపాయ ఊళ్ల వాళ్లనీ అల కలిపి తోసుకొచ్చి, ఐదారు మైళ్లు లోపల ఒక పెద్ద కాలవగట్టుకు అవతల వరిచేలలో పడేసింది. బందరు నుంచి వచ్చిన వాళ్లు కొందరు అక్కడ శవాలు తీస్తున్నారు. వాళ్లకు పెద్దగా ఉన్నవాడు రహంతుల్లా. రోల్డుగోల్డు నగలకు మెరుగు పెట్టే పనివాడు. ముక్కుకు తువాలు కట్టుకుని, మోకాళ్ల దాకా బురదలో నిలబడి ఉన్నాడు.

"మీ వాళ్లని మీరు గుర్తుపడితే గట్టు మీద గొయ్యి తవ్విస్తాను పెద్దాయనా. అక్కడొక్కచోటే ఎండిన మట్టి ఉంది. ఎవరూ రాని వాళ్లని సాయంత్రానికి కిరసనాయిలు పోసి కాల్చాల్సి వస్తోంది. మాకూ మట్టే, మీ కిరస్తానీలకూ మట్టే. కానీ మట్టేదీ, అంతా నీళ్లేగా."

మొహాలు ఎవరివీ మొహాల్లా లేవు. నీటికి ఉబ్బి, నల్లబడి, అందరూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నారు. ఒంటి మీద బట్టల్ని నీళ్లు లాక్కుపోయాయి. దైవాధీనం మొదటి రోజంతా వరసలో నడిచాడు. రెండోరోజు పొద్దున ఆయన కళ్లు, మనిషితో పనిలేకుండా, వాటి పని అవి మొదలుపెట్టాయి. జుట్టులోనూ పిడికిళ్లలోనూ మడాకులు, మడకాయలు చిక్కుకుని ఉన్నాయి. కొందరిలో తెల్లమడ, కొందరిలో నల్లమడ.

పెదపాయ ఊరి మనిషొకాయన తన తమ్ముణ్ణి తాయెత్తు చూసి గుర్తుపట్టాడు. ఆ తమ్ముడి పిడికిట్లో ఉన్నది నల్లమడ. గవ్వలపాలెం ముసలమ్మ రావమ్మను కొడుకు గుర్తుపట్టాడు. ఆమె కొప్పులో తెల్లమడ. దైవాధీనం ఈ సంగతి రహంతుల్లాకు చెప్పాడు. రహంతుల్లా ఒక్క నిమిషం ఆలోచించి చినపాయకొకటి, పెదపాయకొకటిగా శవాల్ని రెండు వరసలు చేయించాడు. వెతికేవాళ్లకు సగం నడక తగ్గింది. ఆ రోజు నలుగురికి తమ వాళ్లు దొరికారు. "ఆకు చూసి చెప్పే పెద్దాయన" దగ్గరికి వెళ్లమని గట్టు మీద ఒకరికొకరు చెప్పుకున్నారు.

వెతకడం మొదలుపెట్టిన నాలుగోరోజు మధ్యాహ్నం, పెదపాయ వరస చివర్నుంచి సత్యానందం కేక వినిపించింది.

"మావయ్యా! ఇలా రండి. సౌభాగ్యం."

దైవాధీనం పరుగెత్తాడు. ఒక ఆడమనిషి. అల్లుడు ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. ఎడమ పాదం చేత్తో పట్టుకున్నాడు.

"చిటికెన వేలు చూడండి. పక్క వేలి మీదకి ఎక్కి ఉంది. తనదే."

దైవాధీనం పాదం వైపు ఒక్క చూపు చూశాడు. ఉబ్బిన పాదం. అన్ని పాదాలూ అలాగే వంకరపోయి ఉన్నాయి. ఆయన తల దగ్గర కూర్చుని జడ విప్పాడు. కాయలు మూడు రాలాయి. పెద్దవి, నొక్కినట్టున్నవి, చిలక ముక్కు కొనతో. ఒక ఆకు ఉంది. తిప్పి, వేలితో బురద తుడిచాడు. అడుగు పసుపు.

"కాదు," అన్నాడు.

"ఏంటి మావయ్యా?"

"మన పిల్ల కాదు. నల్లమడ ఇది. చినపాయలో ఈ చెట్టు లేదు. ఈ అమ్మాయిది పెదపాయ."

"మీకు ఆకులు తెలుసు. నాకు నా పెళ్లాం కాలు తెలీదా?"

"రోజుల తరబడి నీళ్లలో నానిన కాలయ్యా అది. నీ కాలు అలా నానబెట్టి చూపిస్తే నువ్వే పోల్చలేవు. ఆకు అబద్ధం చెప్పదు."

రహంతుల్లా వచ్చి ఇద్దరి మధ్య నిలబడ్డాడు. మెల్లగా, "మీ అమ్మాయే అనుకోండి పెద్దాయనా. ఎవరి బిడ్డయినా బిడ్డేగా. గొయ్యి తవ్విస్తాను. మీ చర్చి పాట మీరు పాడుకోండి" అన్నాడు.

"రేపు పెదపాయ నుంచి ఈ పిల్ల తండ్రి వస్తాడు సాయిబుగారూ. నా కూతురనుకుని నీ కూతుర్ని పాతిపెట్టేశానని ఆయనకి చెప్పమంటారా?"

సత్యానందం పాదాన్ని నెమ్మదిగా నేల మీద పెట్టాడు. "మీరు చూసి చెప్పాక ఇంకేముంది," అని లేచి, వెనక్కి చూడకుండా చినపాయ వరసకు నడిచాడు.

పొద్దు వాలేదాకా ఆ అమ్మాయి కోసం ఎవరూ రాలేదు. అందరితో పాటే ఆమెనూ చితికి ఎక్కించారు. రహంతుల్లా మనుషులు వాసనకు ఆగలేక దూరంగా వెళ్లిపోయారు. దైవాధీనం మాత్రం గట్టు మీద, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి రాలేదు కదా, ఎవరో ఒకరు ఉండాలి కదా అనిపించింది. మంట చల్లారేదాకా ఉన్నాడు. అలవాటు కొద్దీ ఆమె జడలోంచి రాలిన కాయ ఒకటి జేబులో వేసుకున్నాడు.

ఇంకో వారం వెతికారు. సౌభాగ్యం దొరకలేదు.

ఇంటికి వెళ్లేసరికి భార్య ధనమ్మ గుమ్మంలోనే ఉంది.

"దొరికిందా?"

"లేదు. ఒకమ్మాయిని చూశాం. కాదు."

"నువ్వే చూశావా?"

"నేనే చూశాను."

ధనమ్మ ఊపిరి వదిలింది. "నువ్వు కాదన్నావంటే కాదు," అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె రెండేళ్లు బతికింది. ఉప్పెనలో కొట్టుకుపోయి, మతి తప్పి, ఎక్కడో ఆస్పత్రిలో పడి ఉన్న ఆడపిల్లల కథలు ఆ రోజుల్లో చాలా తిరిగాయి. ప్రతి కథకూ ధనమ్మ బస్సెక్కింది. చర్చిలో పోయినవాళ్ల పేర్లు చదివే ఆదివారం పాస్టరుగారు సౌభాగ్యమ్మ పేరు అడిగితే, "బతికున్న పిల్ల పేరు ఎలా చదువుతారండీ?" అని చర్చిలోంచి లేచి వచ్చేసింది. సత్యానందం గుడివాడకు బదిలీ చేయించుకుని, ఏడాది తిరిగాక మళ్లీ పెళ్లి చేసుకుంటే, "పెళ్లాం ఉండగా పెళ్లా?" అని వీధిలో నిలబడి శపించింది. ఆ తరవాత అతనితో మాటల్లేవు. దైవాధీనం ఆమెను కాదనలేదు. చనిపోయిందని ఆయనకు తెలుసు. కానీ చేతిలో ఏ ఆధారమూ లేకుండా ఆ మాట ఎలా రాస్తాడు? ఆ గడి ఖాళీగానే వదిలేశాడు.

డెబ్బై తొమ్మిది అక్టోబరులో ప్రకాశరావుగారు పుస్తకం ముగించే ముందు, ఉప్పెన తరవాత అడవి ఎలా ఉందో మరోసారి చూడాలన్నారు. సూరయ్య కొత్త పడవ తెచ్చాడు. పాత మలుపు దగ్గర ఈసారి ఎవరూ ఆగలేదు. ఆగడానికి గట్టు మీద ఎవరూ లేరు.

మలుపు తిరిగి పావుమైలు వెళ్లగానే దైవాధీనం ముక్కుకు ముందుగా తెలిసింది. నల్లమడ పూలకు కుళ్లిన పండు వాసన ఉంటుంది. ఎక్కడో చివరి పూలు ఇంకా ఉన్నాయి. తరవాత ఆకులు కనిపించాయి. మొద్దు కొసల ఆకులు, కుడిగట్టు పొడవునా.

"ఆపు సూరయ్యా."

బురదలోకి దిగాడు. చేతులు వెనక్కి కట్టుకోలేదు. దొరికిన కొమ్మల్లా వంచి ఆకులు తిప్పాడు. పసుపు. పసుపు. పసుపు. కాయలు పట్టుకున్నాడు. నడిమికి విరిగిన మొద్దులు, ఆ విరిగిన చోట రెండేళ్ల కొత్త కొమ్మలు. మొద్దు రెండు చేతుల కౌగిలికి అందనంత లావు. ఉప్పెన తెచ్చిన చెట్లు కావవి. ఉప్పెనను చూసిన చెట్లు.

"ఇవి ఎప్పటివి?" అని అడిగాడు.

"మా తాత నాటివి బాబాయ్. ఉప్పెన రోజు ఇక్కణ్ణుంచే గదా నీళ్లు ఊరి మీదకొచ్చింది."

"మరి చెప్పలేదేం రా?"

"మీరు అడగలేదుగా. అంతా తెల్లమడేనని మీరే ఆ మాస్టారికి చెప్పారు. పెద్దోళ్లు, మీకు తెలీదా అనుకున్నాను."

ప్రకాశరావుగారు పడవలోంచి సంతోషంగా కేకేశారు. "మంచి పాయింటయ్యా దైవాధీనం! ఆ లైను మార్చేద్దాం. మనమే చూశామని రాద్దాం."

ఆయనకు ఆ జడ సంగతి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు దైవాధీనం ఇంట్లో చెప్పకుండా గుడివాడ రైలెక్కాడు. సత్యానందం అరుగు మీద చంటిపిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉన్నాడు. మామ చెప్పిందంతా విన్నాడు. కాళ్లు ఊపడం మాత్రం ఆపలేదు.

"మీరు కాదన్నాక నేనూ కాదనుకున్నాను మావయ్యా," అన్నాడు చివరకు. "ఇంత తెలిసిన మనిషి, కన్నతండ్రి, చెబుతుంటే నేనెవణ్ణి అనుకున్నాను. ఆర్నెల్లు ఆస్పత్రులన్నీ తిరిగాను. ఆ వేలు మాత్రం కలలోకి వస్తూనే ఉంది." పిల్ల మీద దుప్పటి సర్ది, "ఆ వేలి సంగతి అత్తయ్యని అడగలేదా? రెండేళ్లలో ఒక్కసారి కూడా?" అన్నాడు.

దైవాధీనం తల అడ్డంగా ఊపాడు. అడగాల్సిన అవసరం ఉందని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

ఇంటికి వచ్చేసరికి ధనమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాడు.

"పిల్ల ఎడమకాలి చిటికెన వేలు ఎలా ఉండేదే?"

ధనమ్మ మొహం వెలిగింది. "ఎక్కి ఉండేదిగా, పక్క వేలి మీదకి. పుట్టడమే అలా పుట్టింది. చెప్పులు కొన్నప్పుడల్లా ఏడుపే. నీకు తెలీదా?"

"తెలీదు."

"ఎవరన్నా చూశారా? ఎక్కడుందంట?"

దైవాధీనం జేబులోంచి రెండు కాయలు తీసి నేల మీద పెట్టాడు. ఒకటి రెండేళ్ల నాటిది, ఎండి రాయిలా అయింది. ఒకటి చినపాయలో కోసిన పచ్చిది. మలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టి, పీతల కూర, జడ, వేలు, అన్నీ చెప్పాడు. తనకు మేలయ్యేలా ఒక్క మాట కూడా కలపలేదు. ధనమ్మ కాయల వైపు చూడలేదు. బియ్యం ఏరుతూనే ఉంది. రాళ్లతో పాటు మంచి గింజలు కూడా పారేస్తోందని ఆయన గమనించాడు.

ఏరుతూనే అడిగింది. "కాల్చారా?"

"కాల్చారు."

"నువ్వు వెళ్లిపోయావా అప్పటికి?"

"లేదు. ఉన్నాను."

"ఎంతసేపు?"

"అయిపోయేదాకా."

ధనమ్మ చేట పక్కన పెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, అవి తడిగా లేకపోవడంతో చెయ్యి దించేసింది.

"అయితే పిల్ల ఒంటరిగా వెళ్లలేదు," అంది.

చేట మళ్లీ ముందుకు లాక్కుని, "ఎల్లుండి ఆదివారం. పాస్టరుగారికి పేరు రాసివ్వు. ఊరూ తేదీ కూడా రాయి" అంది.